టీచర్ గురించి వాకబు

ప్రజోష్ మాష్ ఆ అమ్మాయితో మొట్టమొదట మాట్లాడింది తిట్టడానికే.

బడి తెరిచిన కొత్త. పెంకుల కప్పు మీద జూన్ వాన దంచికొడుతోంది. ఆ యు.పి. స్కూలంతా ఒకటే పొడుగాటి హాలు. క్లాసుకీ క్లాసుకీ మధ్య గోడ ఉండదు, మనిషెత్తు చెక్క తెర ఉంటుంది. తెరకి ఇవతల ఏడు-బిలో ఇంగ్లీషు మేష్టారు ప్రజోష్ బోర్డు మీద ‘రామా కిల్డ్ రావణా’ అని రాసి, ‘రావణా వాజ్ కిల్డ్ బై రామా’ దగ్గరికి పిల్లల్ని చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాడు. సబ్జెక్టు లేచి వెనక్కి పోవాలి, ఆబ్జెక్టు వచ్చి ముందు కూర్చోవాలి, మధ్యలో ఒక వాజ్, చివర్లో ఒక బై. ఆయన తిన్నగా, ఓపిగ్గా చెప్పే మనిషి. పిల్లలు కూడా అంతే తిన్నగా, ఓపిగ్గా ఆవలిస్తారు.

తెర అవతల ఏడు-ఎలో మాత్రం ఒకటే గోల. “ఈజ్ ఈటింగ్, ఈజ్ ఈటింగ్” అని పిల్లలు గొంతు చించుకుంటున్నారు. ఆ క్లాసు చూసుకునే షీబ టీచర్ పురిటి సెలవులో ఉంది. పెద్దవాళ్ళు లేని క్లాసు ఇలాగే ఉంటుందనుకుని ప్రజోష్ సుద్దముక్క పక్కన పడేసి తెర చుట్టూ తిరిగి వెళ్ళాడు.

అక్కడ ఫిదా అనే పిల్ల బెంచీ ఎక్కి నిలబడి అరటిపండు తింటోంది. పక్కన ఒక అమ్మాయి తడిసిన కాటన్ చీర కుచ్చిళ్ళు పిండుకుంటోంది. ఇంట్లో మరిచిపోయిన అన్నం డబ్బా తెచ్చిన అక్కో, పిన్నో అయి ఉంటుందని ఆయన తేల్చేశాడు.

“ఇంటర్వెల్ దాకా ఆగలేరా? పాఠం జరిగేటప్పుడు పిల్లకి అరటిపండు తినిపిస్తారా?”

ఆ అమ్మాయి ఏమాత్రం కంగారుపడలేదు. “నేను తినిపించట్లేదు మాష్. అదే తినబడుతోంది.”

“ది బనానా ఈజ్ బీయింగ్ ఈటెన్ బై ఫిదా,” అని క్లాసు మొత్తం అందుకుంది. తెరకి ఇవతల తన పిల్లలు కూడా పగలబడి నవ్వడం ప్రజోష్‌కి వినబడింది. అదే ఎక్కువ మండింది.

స్టాఫ్ రూములో సౌదామిని టీచర్ విషయం చెప్పింది. ఆవిడకి బడిలో అందరికంటే సర్వీసు ఎక్కువ, నోరు అంతకంటే ఎక్కువ. ఆ అమ్మాయి పేరు లిజిష అట, ఏటి అవతల మగ్గం నేసే కరుణన్ కూతురట, షీబ టీచర్ తిరిగి వచ్చేదాకా రోజుకూలి మీద తీసుకున్నారట. చెప్పడం అయ్యాక ఆవిడ ప్రజోష్ మొహంలోకి చూసి, రామరావణుల్ని కాసేపు పక్కన పెట్టి నువ్వు కూడా ఒక అరటిపండు కొనుక్కోరాదా అంది. మధ్యాహ్నం అయల చేప వేపుడు నోట్లో పెట్టుకున్న వాళ్ళందరికీ ఒకేసారి పొలమారింది.

ఆ తర్వాత ప్రజోష్ పని కుడితిలో పడ్డ ఎలుక చందమే అయింది. తెర అవతల లిజిష ప్రశ్న అడిగితే తెర ఇవతల ఈయన పిల్లలు జవాబు చెప్పడం మొదలుపెట్టారు. మొదట్లో కసిరాడు. తర్వాత ఊరుకున్నాడు. ఇంకొన్నాళ్ళకి తనే బోర్డు వైపు తిరిగి, ఏదో రాస్తున్నట్టు నటిస్తూ వింటూ నిలబడేవాడు. ఆ గొంతులో ఎక్కడో చిన్న జీర ఉంది, వాక్యం చివరికి వచ్చేసరికి అది నవ్వులోకి జారుతుంది. పాఠం ముందుకి సాగకపోయినా ఆయనకి బెంగ లేకుండా పోయింది.

ఒకరోజు సిగ్గు విడిచి అడిగేశాడు. పాసివ్ వాయిస్ అంటే తన పిల్లలు నిద్రపోతారు, ఆమె పిల్లలు జవాబు చెప్పడానికి కొట్టుకు చస్తారు, ఏమిటి కిటుకు అని.

లిజిష కింది పెదవిని పంటితో పట్టుకుంది. నవ్వొచ్చే ముందు అలా పట్టుకుంటుంది. “మీరు సబ్జెక్టునీ ఆబ్జెక్టునీ కుర్చీలాటలోలా అటూ ఇటూ మారుస్తారు మాష్. ఎవరు చేశారు అని మొదలుపెట్టకండి. ఏమైందో అడగండి. ఇంట్లో గ్లాసు పగిలితే ఏ పిల్లాడైనా ‘నేను పగలగొట్టాను’ అంటాడా? గ్లాసు పగిలింది అంటాడు. చేసినవాడు దాక్కోవాలంటే ఈ వాక్యం కంటే మంచి చోటు లేదు. అది వాళ్ళకి పుట్టుకతో వచ్చు. మనం ఇంగ్లీషు ముక్కలు అందిస్తే చాలు.”

మర్నాడు ప్రజోష్ బోర్డు మీద ‘ది విండో వాజ్ బ్రోకెన్’ అని ఒక్కటే రాశాడు. ఎవరు పగలగొట్టారో మాత్రం చెప్పకుండా మిగతా కథంతా చెప్పమన్నాడు. ఇంగ్లీషంటే బల్ల కిందికి దూరే నియాస్ లేచి నిలబడి, బాల్ విసరబడిందనీ, మామిడి చెట్టు తప్పించుకోబడిందనీ, హెచ్.ఎం. పిలవబడ్డాడనీ, చివరికి తను కొట్టబడ్డాననీ వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పుకొచ్చాడు. క్లాసు చప్పట్లు కొట్టింది. తెర అవతల నుంచి ఇంకో జత చేతులు కూడా చప్పట్లు కొట్టాయి. ప్రజోష్‌కి ఆ రోజంతా కాళ్ళు నేల మీద ఆనలేదు.

వాన మరీ పెద్దదైతే ఆ పెంకుల కింద ఎవరి మాటా ఎవరికీ వినబడదు. పాఠాలు ఆగిపోతాయి, పిల్లలు కిటికీలకి అతుక్కుపోతారు, టీచర్లు వరండాలోకి వచ్చి నిలబడతారు. ఇద్దరూ చెరో స్తంభం పక్కన నిలబడి, చూరు నుంచి పడే నీళ్ళని చూస్తూ, చూసుకుంటూ, చూడనట్టు ఉంటూ వాన తగ్గకూడదని కోరుకునేవారు. ఒకసారి ఆ హోరులో ప్రజోష్ తెగించి, “మీరంటే నాకు చాలా ఇష్టం” అన్నాడు. లిజిష చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఏమిటని అడిగింది. గొడుగు తెచ్చుకున్నారా అని అడిగానని గట్టిగా అరిచాడు. తెచ్చుకున్నానని ఆమె తలూపింది. చేతిలోనే ఉంది గొడుగు.

చెప్పడానికి అంత భయం ఎందుకంటే దానికి కారణం ఉంది. ఆ చుట్టుపక్కల పెళ్ళిచూపులు ఎంతో, వాకబు అంతకు రెండింతలు. మగపెళ్ళివాళ్ళు ముందు పిల్ల ఇంటికి రారు. టీకొట్టుకి వస్తారు, బస్టాపులో నిలబడతారు, ఆమె పనిచేసే చోటికి వస్తారు. పిల్ల ఎలాంటిదని అడుగుతారు. ఎవరో ఒకరు పెదవి విరిచి, “ఆ, ఏముంది, మంచిదే” అని కాస్త సాగదీస్తే చాలు, వచ్చిన కారు వచ్చినట్టే వెనక్కి పోతుంది. ఆ సాగదీసింది ఎవరో ఎన్నటికీ బయటపడదు. ప్రజోష్ అక్కకి అలా వరసగా సంబంధాలు తప్పిపోయాయి. తలుపేసుకుని కూర్చున్న అక్కకి అన్నం పెట్టలేక అమ్మ ఏడవడం చూసిన తమ్ముడు అతను. అక్క ఇప్పుడు పయ్యన్నూర్‌లో సుఖంగానే ఉంది కానీ, ఆ మంట అతనిలో ఆరలేదు. యువజన క్లబ్బు వాళ్ళు కూడలిలో పెద్ద ఫ్లెక్సీ కట్టినప్పుడు దాని మీద మాటలు రాసిచ్చింది కూడా ఇతనే. పెళ్ళిళ్ళు చెడగొట్టేవాళ్ళు పట్టుబడితే ఇదే కూడలిలో దేహశుద్ధి జరుగును అని.

అలాంటి ఊళ్ళో, రోజుకూలి మీద వచ్చిన పెళ్ళికాని అమ్మాయి వెంట పక్క క్లాసు మాష్ తిరుగుతున్నాడన్న మాట పుట్టిందంటే ఆమె పేరు ఏమవుతుంది? షీబ టీచర్ వచ్చి చేరనీ, లిజిష ఈ బడి వదలనీ, అప్పుడు తిన్నగా వాళ్ళింటికే వెళ్ళి అడుగుదామని మనసులో రాసుకున్నాడు. ఓపిగ్గా చెప్పే మనిషి కదా, ఓపిగ్గా ప్రేమించాడు.

ఓణం వెళ్ళింది, అక్టోబరులో తులామాసం ఉరుముల వానలు మొదలయ్యాయి. షీబ టీచర్ వచ్చే వారం చేరుతుందని కబురు వచ్చింది. అదే రోజు సాయంత్రం బడి ఎదుట కుమారన్ టీకొట్టు ముందు తెల్ల కారు ఆగింది.

దిగినాయన సైన్యంలో పనిచేసి వచ్చిన పెద్దమనిషి. పేరు నాణు. మేనల్లుడికి తలశ్శేరిలో బ్యాంకు ఉద్యోగం. కుమారన్ వేలు పెట్టి చూపించగా ప్రజోష్‌ని పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, టీ చెప్పాడు. సంబంధం వాకబుకి వచ్చాడని ప్రజోష్‌కి అప్పుడు అర్థమైంది.

“పక్క క్లాసులోనే కదా మాష్ మీరుండేది, మీకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? దాపరికం లేకుండా చెప్పండి. ఆ లిజిష ఎలాంటి పిల్ల?”

ఒక్క మాట. ‘ఆ, మంచిదే’ అని కాస్త సాగదీస్తే అయిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ వెంటనే తలుపేసుకున్న అక్క కళ్ళ ముందు కనిపించింది. పొడిగా మంచిదని ఊరుకున్నా వీళ్ళు అనుమానిస్తారు. ఆ అమ్మాయికి ఏ మచ్చా రాకూడదంటే గట్టిగా, బాగా చెప్పాలి. అలా అనుకుని మొదలుపెట్టాడు. ఇక ఆపుకోవడం అతని వల్ల కాలేదు.

తడిసి వచ్చిన పిల్లల తల తన కొంగుతోనే తుడుస్తుందని చెప్పాడు. ఎవరి చెప్పు తెగిందో, ఎవరింట్లో పొయ్యి వెలగలేదో అడక్కుండానే కనిపెడుతుందని చెప్పాడు. వెనక బెంచీలో నోరు విప్పని వాడిచేత నోరు విప్పిస్తుందని, తప్పు మాట్లాడినవాణ్ణి నవ్విస్తుందే గానీ నవ్వులపాలు చెయ్యదని చెప్పాడు. అక్కడితో ఆగితే బాగుండేది. కోపం వస్తే అరవదు, తుడిచిన బోర్డునే మళ్ళీ మళ్ళీ తుడుస్తుంది అన్నాడు. నవ్వొచ్చే ముందు కింది పెదవి పంటితో పట్టుకుంటుంది అన్నాడు. డబ్బాలో చేప ముక్క ఉంటే సౌదామిని టీచర్‌కి పెట్టి, తను ఉత్త మజ్జిగతో తిని, చేప పడదని అబద్ధం చెబుతుంది అన్నాడు. సాయంత్రం బస్సెక్కే ముందు ఒక్కసారి వెనక్కి తిరిగి బడి వైపు చూస్తుంది అన్నాడు. ఆ చూపు కోసమే అందరూ వెళ్ళిపోయినా తను ఏదో పని పెట్టుకుని ఆగుతానని మాత్రం చెప్పలేదు.

నాణు చేతిలో టీ మీగడ కట్టేసింది.

“మాష్‌కి పెళ్ళయిందా?”

“లేదండి.”

“ఊ,” అని ఆయన గ్లాసు కింద పెట్టి కారెక్కాడు.

మర్నాడు ఇంటర్వెల్‌లో లిజిష తెర చివరికి వచ్చి నిలబడింది. పిల్లలందరూ బయట ఉన్నారు.

“నిన్న వాళ్ళతో ఏం చెప్పారు?”

“మంచే చెప్పాను టీచర్. మీ పేరుకి ఏ లోటూ రానివ్వలేదు.”

“అంతా మంచే?”

“అంతా.”

ఆమె వెళ్ళి బోర్డు తుడవడం మొదలుపెట్టింది. దాని మీద ఒక్క అక్షరం కూడా లేదు. తుడుస్తూ తుడుస్తూ, వెనక్కి తిరక్కుండానే అంది. “ఈ ఊళ్ళో ఒక్క మాటకి ఎన్ని సంబంధాలు పోయాయో లెక్కలేదు. ఊరందరికీ చేతనైన పని మీకు చేతకాలేదా మాష్? నా గురించి ఒక్క చెడ్డ మాట కూడా దొరకలేదా మీకు?”

బెల్లు కొట్టారు. పిల్లలు తోసుకుంటూ లోపలికి వచ్చారు. ప్రజోష్ తెల్లమొహం వేసుకుని తన క్లాసుకి వచ్చి, బోర్డు మీద వాక్యం సగం రాసి, సగంలో ఆగిపోయాడు. ఆమె ఏమందో అతనికి అప్పుడు అర్థమైంది. సుద్దముక్క చేతిలోనే విరిగిపోయింది.

అర్థమై మాత్రం ఏం లాభం? ఇప్పుడు నోరు విప్పితే, పొగిడి పంపిన సంబంధాన్ని దొడ్డిదారిన చెడగొట్టినవాడవుతాడు. అక్క సంబంధాలు చెడగొట్టినవాళ్ళకీ తనకీ తేడా ఏముంటుంది? నోరు కుట్టేసుకున్నాడు. తెర అవతల గొంతు మామూలుగానే పాఠం చెబుతోంది గానీ వాక్యం చివర్లో నవ్వులోకి జారడం మానేసింది. ఆ నవ్వు కోసం అతను చెవులు రిక్కించుకుని వినేవాడు, వినబడక ఇంటికి పోయి అన్నం ముందు కూర్చుని లేచేవాడు. ఆమె చివరి రోజు రెండు క్లాసుల పిల్లలూ ఏడ్చారు. ఆమె అందరికీ చెప్పి, ప్రజోష్‌కి కూడా వెళ్ళొస్తానని చెప్పి, వానలో గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది. బస్సెక్కే ముందు ఆ రోజు వెనక్కి తిరిగి చూడలేదు.

సోమవారం నుంచి తెర అవతల షీబ టీచర్ గొంతు. మంచి గొంతే. ప్రజోష్‌కి మాత్రం హాలంతా ఖాళీ అయినట్టుంది.

అలా ఉండగా సౌదామిని టీచర్ పిడుగులాంటి వార్త తెచ్చింది. తలశ్శేరి సంబంధం తప్పిపోయింది. బడి దగ్గర వాకబు చేసి వెళ్ళాకే వద్దన్నారట. టీకొట్టులో వాళ్ళు అంతసేపు మాట్లాడింది ఎవరితోనో కుమారన్ అప్పుడే ఊరంతా చాటేశాడట.

సాయంత్రానికి క్లబ్బు కుర్రాళ్ళు వచ్చారు. తల గోక్కుంటూ నిలబడ్డారు. వాళ్ళలో పెద్దవాడు నసిగి నసిగి, ఆ ఫ్లెక్సీలో రాసింది మీరే కదా మాష్, ఇప్పుడు దేహశుద్ధి అంటే మాకూ మొహమాటంగా ఉంది, ఏం చెయ్యమంటారో మీరే చెప్పండి అన్నాడు. ముందు ఒకచోటికి వెళ్ళొస్తానని, వచ్చాక కూడలిలో తనే నిలబడతానని ప్రజోష్ వాళ్ళకి మాటిచ్చాడు. ఊరు ఏమనుకున్నా సరే. లిజిష అలా అనుకుంటే మాత్రం బతకలేననిపించింది.

ఏరు దాటి అడుగుతూ వెళ్తే ఇల్లు దొరికింది. వరండాలో కరుణన్ మగ్గానికి నూలు సరిచేసుకుంటున్నాడు. లోపల ఎవరో రాట్నం తిప్పుతున్న చప్పుడు.

“కూర్చోండి మాష్. మీ గురించే అనుకుంటున్నాం,” అన్నాడు కరుణన్. మొహంలో నవ్వు లేదు.

ప్రజోష్ కూర్చోలేదు. తాను ఒక్క తప్పు మాట కూడా చెప్పలేదని, కావాలంటే తన అక్క మీద ఒట్టు వేస్తానని గబగబా చెప్పాడు.

“తెలుసు. ఆ నాణు నాకు ఫోన్ చేశాడు. ఏమన్నాడో చెప్పనా? ‘కరుణా, పిల్ల బంగారం. కానీ మా వాడికి వద్దు. మా వాడు జీవితాంతం కాపరం చేసినా ఆ మాష్‌కి తెలిసినంత తెలుసుకోలేడు. చెడు చెప్పి పెళ్ళి చెడగొట్టినవాళ్ళని చూశాను, మంచి చెప్పి చెడగొట్టినవాణ్ణి ఇప్పుడే చూశాను’ అన్నాడు.”

టీకొట్టులో ముక్కూమొహం తెలియనివాడి ముందు వరదలా వచ్చిన మాటలు ఇక్కడ గొంతులోనే ఇంకిపోయాయి.

కరుణన్ నూలు చుట్ట పక్కన పెట్టాడు. “మంచి అంతా ఫోన్‌లో విన్నాను. ఇక నా ఎదురుగా చెప్పండి. మా పిల్లలో లోపమేమైనా ఉందా? ఉంటే దాచకండి. రేపు ఇంకో సంబంధం వస్తుంది, వాళ్ళకైనా నిజం చెప్పుకోవాలి కదా.”

ఇంకో సంబంధం అన్న మాట వినగానే ప్రజోష్‌కి ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

“ఉన్నాయండి. చాలా ఉన్నాయి,” అన్నాడు.

లోపల రాట్నం ఆగిపోయింది.

“మొదటిరోజే పిల్లలందరి ముందూ నా పరువు తీసింది. నా క్లాసు పిల్లల్ని నాకు కాకుండా చేసింది. కోపం వస్తే నాలుగు చీవాట్లు పెట్టి పోదు, మాటలు మానేసి చంపుతుంది. మనసులో ఉన్నది తిన్నగా చెప్పదు, అవతలివాడు మొద్దు అయితే వాడి ఖర్మ అనుకుని వెళ్ళిపోతుంది. పోతూ పోతూ వెనక్కి తిరిగి కూడా చూడదు. ఆమె వెళ్ళాక ఆ బడిలో నాకు పాఠం చెప్పబుద్ధి కావడం లేదు, ఇంట్లో తిండి తినబుద్ధి కావడం లేదు. ఇలాంటి పిల్లని చేసుకుని ఎవరు బాగుపడతారండి? రేపు ఎవరొచ్చి అడిగినా ఇదే చెబుతాను, టీకొట్టులో చెబుతాను, బస్టాపులో చెబుతాను, ఎన్ని సంబంధాలొస్తే అన్నీ చెడగొడతాను. దయచేసి ఆమెని ఇంకెవరికీ ఇవ్వకండి.”

కరుణన్ నూలు చుట్ట మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. మీసాల కింద ఏదో కదిలింది.

“ఇన్ని లోపాలున్న పిల్లతో మరి మీరెలా వేగుతారు?”

“నాకు అలవాటైపోయిందండి,” అన్నాడు ప్రజోష్.

కరుణన్ లోపలికి తిరిగి, విన్నావా అమ్మా అని అడిగాడు. మాష్ మంచివాడిలాగే కనబడుతున్నాడని, అయినా ఆడపిల్ల తండ్రిగా తన పద్ధతి తనకుందని, ఆ ఊరు వెళ్ళి నలుగురినీ అడిగి వాకబు చేయనిదే మాట ఇవ్వనని అన్నాడు.

తలుపు చాటునుంచి లిజిష గొంతు వినబడింది. చివరికి వచ్చేసరికి నవ్వులోకి జారింది.

“ఆ ఊరిదాకా ఎందుకు నాన్నా? ఆయన గురించి ఏం కావాలన్నా నన్నడగండి.”